మళ్ళీ చూడనన్న తీర్పరి

మేడికొండ కిందుగా, పాలవాగు వంపు తిరిగే చోట ఒక గడ్డి మైదానం ఉంది. ఓ ఏడాది వరదలో ఊరి పిల్లల ఫుట్‌బాల్ ఒకటి కొట్టుకొచ్చి ఆ మైదానం అంచున తుమ్మకంపకు చిక్కుకుంది. తోలు అక్కడక్కడా లేచింది కానీ గాలి మాత్రం పోలేదు. ముందు కుందేళ్ళు ముక్కుతో తోసి చూశాయి. తర్వాత దుప్పులు కాలితో తన్నాయి. అడవిపందులు తలతో కుమ్మాయి. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల బంతాట తెలియని జంతువు లేదు.

సరదాగా మొదలైన ఆట సరదాగా మిగల్లేదు. ఎండలు ముదిరితే వాగు ఎండిపోయి ఒక్క మడుగే మిగులుతుంది. తెల్లవారగానే తాగినవాళ్ళకు తేట నీళ్ళు, మధ్యాహ్నం తాగినవాళ్ళకు బురద. ముందెవరు తాగాలని కొండవైపు వాళ్ళకూ వాగువైపు వాళ్ళకూ ఏటా కొట్లాటే. చివరికి అందరూ కూర్చుని, "కొమ్ములూ కోరలూ ఎందుకు, బంతితోనే తేల్చుకుందాం" అనుకున్నారు. ఫాల్గుణంలో ఒక్క ఆట. గెలిచినవాళ్ళకు ఆ ఎండాకాలమంతా పొద్దుటి నీళ్ళు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. ఆటలో ఎదుటివాళ్ళను కావాలని గాయపరిచినవాళ్ళు ఆ ఎండాకాలం మడుగు ఛాయలకే రాకూడదు.

కట్టుబాటు ఉంటే చాలదు, అది నిలబెట్టే నోరు కావాలి. ఆ నోరు కపిలయ్యది.

కపిలయ్య ముసలి ఎద్దు. వయసులో ఉండగా ఒక రైతు బావి దగ్గర కపిల లాగాడు. తోలుబాన నిండా నీళ్ళు తోడుతూ ముందుకు దిగడం, వెనక్కి ఎక్కడం, మళ్ళీ దిగడం. పన్నెండేళ్ళు ఒకే బాట మీద నడిచి ఒక్కనాడూ అడుగు పక్కకు వేయలేదు. బావికి మోటారు వచ్చాక ఆ రైతు అతన్ని అడవి అంచున వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. కపిలయ్య కొండవాడూ కాదు, వాగువాడూ కాదు. అందుకే తీర్పరిగా నిలబెట్టారు. ఎవరు గెలిచినా అతని పొద్దుటి నీళ్ళు అతనికి ఉంటాయి. తప్పు జరిగితే రంకె వేస్తాడు, ఆట ఆగుతుంది. ఆరేళ్ళుగా ఆ రంకెకు ఎదురుమాట లేదు.

ఆ ఏడు మాత్రం కపిలయ్య కళ్ళకు పొర కమ్మింది. ఎండ వాలిందంటే చాలు, లోకమంతా మజ్జిగలో ముంచి తీసినట్టు కనిపించేది. ఈ సంగతి తెలిసింది ఒక్క తెల్లమ్మకే. తెల్లమ్మ కొంగ. పగలంతా అతని వీపు మీద కూర్చుని పిడుదులు ఏరుకుంటూ ఉంటుంది.

"అన్నా, ఈసారికి ఇంకెవరినైనా నిలబెట్టమందామా?" అంది ఓ రోజు మెల్లగా.

"ఎందుకూ?"

"పొద్దున నువ్వు చెట్టు మొద్దును చూసి అడవిపంది అనుకుని, కోరలయ్యా బావున్నావా అన్నావు."

"నిద్రమత్తులే. మైదానం నా కాళ్ళకు తెలుసు. కళ్ళతో పనేముంది?" అన్నాడు కపిలయ్య. ఆ మాట తనకే నచ్చలేదు. కానీ ఊరు వదిలేసిన తర్వాత అతనికి మిగిలిన పరువు ఆ రంకె ఒక్కటే. అదీ పోతే తాను ఎవరికీ అక్కరలేని ముసలి ఎద్దు. తెల్లమ్మకు అది తెలుసు. అందుకే ఇంకో మాట మాట్లాడలేదు. ప్రేమ ఎక్కువైన చోట నిజం గొంతులోనే ఆగిపోతుంది.

ఆటకు వారం ముందు అందరూ మైదానంలో చేరారు. చుక్కమ్మ అనే దుప్పి ముందుకొచ్చింది. కొండవైపు జట్టుకు ఆమే పెద్దదిక్కు. పరుగులో ఆమెను అందుకున్నవాళ్ళు లేరు. ఆమె పిల్ల చిట్టి, నెల దాటి నాలుగు రోజులైందో లేదో, తల్లి కాళ్ళ సందున దూరి అందరినీ వింతగా చూస్తోంది.

"మామా, ఒక్క మాట," అంది చుక్కమ్మ. "ఆ బండ మీద కొండముచ్చులు కూర్చుని ఆటంతా చూస్తాయి. చూసింది చూసినట్టు మళ్ళీ ఆడి చూపిస్తాయి. ఎవరి కాలు ఎక్కడుంది, ఎవరు ఎవరిని తోశారు, అంతా. తేలని తగాదా వచ్చినప్పుడు వాళ్ళచేత ఒకసారి ఆడించి చూడు. తీర్పు మాత్రం నీదే."

కొండముచ్చుల పెద్ద ముచ్చమ్మ బండ మీంచే పలికింది. "మాకు కొండా లేదు, వాగూ లేదు. కంటపడింది ఒంటితో చూపిస్తాం. కలపం, తీసెయ్యం. మాకొచ్చిన విద్య అదొక్కటే."

అడవిపంది కోరలయ్య వాగువైపు జట్టువాడు. అతనికి ఆ మాట రుచించలేదు. "ప్రతిదానికీ ఆగి చూస్తూ కూర్చుంటే ఇంక ఆడేదెప్పుడు? చెమట ఆరిపోతుంది, కాళ్ళు పట్టేస్తాయి. ఆటంటే ఆటలా ఉండాలి."

"అదీ నిజమే," అంది కుందేలు చెవులప్ప. ఆమె కొండవైపు గోల్‌కీపరు. "గోలు పడిందని గంతెయ్యబోతే, ఆగండాగండి, ముందు చూద్దాం అంటారు. సగం గంతులో గాల్లోనే ఆగాలి. అయినా చుక్కమ్మా, నీళ్ళు పోయేకంటే గంతు పోవడమే నయం. నేను నీ వైపే."

అందరూ అటూ ఇటూ మాట్లాడుతున్నారు. మాట్లాడనివాడు ఒక్క జంబన్నే. వాగువైపు జట్టులో ముందు నిలబడి గోల్స్ కొట్టే నక్క వాడు. చుక్కమ్మను చూడటం లేదు, కొండముచ్చుల్ని చూడటం లేదు. కపిలయ్య మొహమే చూస్తున్నాడు. అందరూ అలిసిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"చుక్కమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. నా బాధ ఒక్కటే. పన్నెండేళ్ళు బాట తప్పని కాళ్ళు పెద్దయ్యవి. ఆరేళ్ళుగా ఆయన రంకె వేస్తే మనమంతా తల వంచాం. రేపట్నుంచి ఆయన రంకె వేస్తే ఆయన వైపు చూడం. బండ మీది కోతుల వైపు చూస్తాం. పోనీలెండి, కాలం అలా వచ్చింది. చూపు ఆననివాళ్ళకు చేతికర్ర కావాలిగా!"

మునగచెట్టు ఎక్కించిన నోటితోనే కొమ్మ నరికాడు. వాడికి ఆ పొర సంగతి నిజంగా తెలుసో, చీకట్లో రాయి విసిరాడో తెలియదు. రాయి మాత్రం సరిగ్గా తగిలింది.

"నా చూపుకేమైంది?" కపిలయ్య గొంతు మైదానమంతా వినిపించింది. "నాకు ఎవరి కర్రా అక్కర్లేదు. నా కళ్ళతో చూస్తాను, నా నోటితో చెబుతాను. ఒకసారి వేసిన రంకె తిరగదు. మళ్ళీ చూడటాలూ లేవు, మళ్ళీ ఆడించడాలూ లేవు. ఇష్టమైతే ఆడండి, లేకుంటే మానుకోండి!"

తెల్లమ్మ వీపు మీద గోటితో రెండుసార్లు గీకింది, ఆగమని. కపిలయ్య ఈగను విదిలించినట్టు చర్మం విదిలించాడు.

ఆట రోజు వచ్చింది. పొద్దు నడినెత్తి దాటాక మొదలెట్టారు. కొండవైపు ఒక గోలు, వాగువైపు ఒక గోలు. ఆ తర్వాత ఎంత ఆడినా ఇటో అటో తేలలేదు. పొద్దు పడమటికి వాలింది. ఎర్రటి ఎండ ఎదురుగా కొడుతోంది. వందల గిట్టల కింద మైదానం పొడిపొడి అయ్యి దుమ్ము లేచింది. కపిలయ్యకు ఆకారాలు తప్ప మొహాలు కనబడటం లేదు. బంతి చప్పుడును బట్టి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అప్పుడు జంబన్న బంతితో కొండవైపు గోలు మీదికి దూసుకొచ్చాడు. రెండు మద్దిచెట్ల మధ్య చెవులప్ప ఒక్కతే నిలబడి ఉంది. చుక్కమ్మ అడ్డంగా పరుగెత్తుకొచ్చింది. అదే క్షణాన "చచ్చాను బాబోయ్!" అని కేక. దుమ్ములో ఒక గోధుమరంగు ముద్ద పైకెగిరి కింద పడింది. తెల్లమ్మ బెదిరి గాల్లోకి లేచింది. కపిలయ్య చూసేసరికి జంబన్న నేల మీద పొర్లుతున్నాడు.  ఎదురుగా చుక్కమ్మ తల కిందికి వంచి నిలబడి ఉంది.

కపిలయ్య రంకె వేశాడు.

రంకె వేశాకనే దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు. తొడ మీద ఎరుపు కనిపించింది. కానీ ముక్కుకు నెత్తురు వాసన తగల్లేదు. ఏదో పులుపు, ఏదో పండు వాసన. ఇంకోసారి వాసన పట్టబోయి ఆగాడు. 'దుమ్ముకు ముక్కు మూసుకుపోయింది' అనుకున్నాడు.

"మామా, నేను తగల్లేదు," అంది చుక్కమ్మ రొప్పుతూ. "ఆగడానికి తల వంచాను, అంతే. నాకూ వాడికీ మధ్య ఇంకో దుప్పి పట్టేంత చోటుంది."

"నా తొడలో కొమ్ము దించి, చోటు కొలుస్తోంది చూడండి!" అని మూలిగాడు జంబన్న.

"దుప్పుల్లో ఆడదానికి కొమ్ములెక్కడివిరా?" అంది చెవులప్ప.

"కొమ్ము కాకపోతే గిట్ట! నొప్పిలో నాకేం తెలుసు?"

జనంలో గోల లేచింది. తెల్లమ్మ దిగి కపిలయ్య చెవి దగ్గర వాలింది. "అన్నా, నాకూ కనబడలేదు. నీకు కనబడలేదని నాకు తెలుసు. ముచ్చమ్మను అడుగు. ఇప్పుడే అడుగు."

చుక్కమ్మ అతని ఎదుటికొచ్చి మోకాళ్ళు వంచింది. "ఒక్కసారి చూడు మామా. వాళ్ళు ఆడి చూపిస్తారు. నా గిట్ట వాడికి తగిలినట్టు కనిపిస్తే నువ్వు చెప్పక్కర్లేదు, నేనే వెళ్ళిపోతాను. నాకు పాలు తాగే పిల్ల ఉంది. మడుగు లేకపోతే దాన్ని తీసుకుని ఎక్కడికి పోను?"

బండ మీద కొండముచ్చులు లేచి నిలబడ్డాయి. పిలిస్తే దూకడానికి సిద్ధంగా ఉన్నాయి. మైదానమంతా కపిలయ్య తల వైపే చూస్తోంది.

నేల మీంచి జంబన్న నీరసంగా అన్నాడు. "అడగండి పెద్దయ్యా, కోతుల్ని అడగండి. మీ వల్ల కాలేదని ఒప్పుకోవడంలో సిగ్గేముంది?"

కపిలయ్య మెడ బిగుసుకుపోయింది. "రంకె తిరగదు," అన్నాడు. "వాగువైపుకు పెనాల్టీ. చుక్కమ్మ మడుగు వదిలిపోవాలి."

జంబన్న కుంటుకుంటూ లేచి బంతిని తన్నాడు. చెవులప్ప కుడికి దూకింది, బంతి ఎడమ నుంచి పోయింది. వాగువైపు గెలిచింది.

మరునాడు పొద్దున్నే చుక్కమ్మ చిట్టిని వెంటబెట్టుకుని కొండ ఎక్కింది. అవతల లోతువాగులో నీళ్ళుంటాయి. ఆ దారిలో చిరుత తిరుగుతుందని అందరికీ తెలుసు. ఎవరూ ఆపలేదు. చిట్టి మాత్రం రెండు గెంతులు వేసి, ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ తల్లి వెంట పరుగెత్తింది. కపిలయ్య అటు తిరిగి గడ్డి మేస్తున్నట్టు నిలబడ్డాడు. నోట్లో గడ్డి నలగలేదు.

నాలుగో రోజు మడుగు దగ్గర జంబన్న కనిపించాడు. కుంటడం లేదు. అంత దూరం నుంచి గెంతుతూ వచ్చి నీళ్ళు తాగి, "చల్లగా ఉన్నాయి పెద్దయ్యా!" అని గెంతుతూ పోయాడు.

"పుండు తొందరగా మానింది," అన్నాడు కపిలయ్య.

తెల్లమ్మ పిడుదులు ఏరుకుంటూ ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆమె అతనితో తక్కువ మాట్లాడేది. అతనికి ఆ పండు వాసన ముక్కును వదల్లేదు. మేస్తున్నా అదే, పడుకున్నా అదే. పదో రోజున వాగుగట్టు మీద నడుస్తూ ఒక నాగజెముడు పొద దగ్గర ఆగిపోయాడు. ఎర్రగా పండిన కాయలు కింద రాలి చితికిపోయి ఉన్నాయి. వంగి వాసన చూశాడు. అదే వాసన.

తర్వాత నేరుగా బండ దగ్గరికి నడిచాడు.

"ముచ్చమ్మా, ఆ రోజు ఏం జరిగిందో చూపించవా?"

ముచ్చమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "చేతులు కాలాక ఆకులా కపిలయ్యా? ఆ రోజు మేం లేచి నిలబడ్డాం. నువ్వు మా వైపు తల కూడా తిప్పలేదు."

"తిప్పలేదు. ఇప్పుడు చూపించు. దగ్గరికొచ్చి చూపించు. నాకు దూరం కనబడదు." ఆ మాట మొదటిసారి అతని నోటి వెంట వచ్చింది.

 ముచ్చమ్మ తన చెల్లెళ్ళిద్దరినీ పిలిచింది. ముగ్గురూ అతని ముక్కుకు ఎదురుగా దిగారు. మెల్లగా ఆడారు, ఒక్కో అడుగూ విడివిడిగా కనిపించేలా. ఒకతె జంబన్న అయింది. పరుగెత్తుతూ పరుగెత్తుతూ దవడలో దాచుకున్న కాయను ముంగాలితో తీసి తొడకేసి చిదిమింది. కేక ముందు, గెంతు తర్వాత, పడటం ఆ తర్వాత. రెండోది చుక్కమ్మ అయింది. కాళ్ళు నాలుగూ నేలలో గుచ్చి, తల వంచి, దుమ్ములో జారి ఆగింది. ఇద్దరి మధ్యా నిజంగానే ఇంకో దుప్పి పట్టేంత చోటుంది.

మూడోది ముచ్చమ్మ. ఆమె కపిలయ్య అయింది. మొహం ఎండకు తిప్పుకుని, కళ్ళు చికిలించి, ఏమీ కనబడక తల అటూ ఇటూ ఊపి, గడ్డం పైకెత్తి రంకె వేసింది. రంకె వేశాక వంగి చూసింది. కాళ్ళ ముందు ఎవరో మోకరిల్లితే, బండ వైపు తిరగబోయిన మెడను మధ్యలోనే ఆపేసి బిగించింది.

కలపలేదు, తీసెయ్యలేదు.

"చాలు," అన్నాడు కపిలయ్య.

ఆ పూటే కొండ ఎక్కాడు. బావి బాట తప్ప వేరే ఎత్తు ఎరగని ముసలి కాళ్ళు. తెల్లమ్మ ముందు ఎగురుతూ, "ఎడమకు అన్నా, రాయి ఉంది, ఇప్పుడు కుడికి" అని దారి చెబుతూ పోయింది. అవతలికి దిగేసరికి రెండు రోజులు పట్టింది.

లోతువాగు ఒడ్డున చుక్కమ్మ నీళ్ళు తాగుతోంది. ఒక గుక్క తాగడం, తల ఎత్తి చుట్టూ చూడటం, మళ్ళీ ఒక గుక్క. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఎవరది?"

"నేనేనమ్మా, కపిలయ్యను."

"దారి తప్పి వచ్చారా పెద్దయ్యా?"

మామా అనలేదు. నువ్వు అనలేదు. కపిలయ్య ఇంకో అడుగు ముందుకు వేశాడు. పొర కళ్ళతో ఆమె కాళ్ళ సందున వెతికాడు. చుట్టుపక్కల గడ్డిలో వెతికాడు.

"చిట్టి ఏదమ్మా?"

చుక్కమ్మ నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. "వచ్చిన మూడో పొద్దున. నేను ఇక్కడే తాగుతున్నాను. అక్కడ లోతు తక్కువని అది కొంచెం కిందికి దిగింది. పొదలోంచి వచ్చింది చిరుత. చప్పుడు కూడా కాలేదు. నేను తల ఎత్తేసరికి గడ్డి ఊగుతోంది, అంతే."

తెల్లమ్మ రెక్కల్లో ముక్కు దాచుకుంది. కపిలయ్య ఆమె ముందు మోకాళ్ళు వంచాడు.

"నాది తప్పమ్మా. ఆ జంబన్న నాగజెముడు కాయ పూసుకుని నన్ను మోసం..."

"జంబన్న నక్క పెద్దయ్యా. నక్క నక్క పనే చేశాడు. వాడి మీద నాకు ఆశ ఎప్పుడుంది, కోపం రావడానికి?" ఆమె గొంతులో అరుపు లేదు. అరిచినా బాగుండేది. "మీరు పొరబడ్డారనీ నాకు కోపం లేదు. అంత దుమ్ములో ఎవరైనా పొరబడతారు. ఒక్కసారి చూడమని అడిగాను. బండ ఎంత దూరం? ఇరవై అడుగులు. తల తిప్పితే చాలు. మీరు తిప్పలేదు. నాకది మింగుడుపడటం లేదు."

 కపిలయ్య మెల్లగా అన్నాడు. "నాతో రా తల్లీ. అందరి ముందూ నిజం చెబుతాను. మడుగు నీది."

"చెప్పండి. నా మీద పడ్డ మాట పోవాల్సిందే. నేను మాత్రం రాను. ఆ మడుగులో తల వంచితే నీళ్ళలో నా పక్కన ఇంకో చిన్న మొహం కనబడేది. ఇప్పుడు ఒక్కటే కనబడుతుంది. వద్దు."

కపిలయ్య వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు. మైదానంలో అందర్నీ పిలిపించాడు. మధ్యలో నిలబడి ఏమీ దాచకుండా చెప్పాడు. కళ్ళకు పొర కమ్మిందని చెప్పాడు, అది తెలిసే నిలబడ్డానని చెప్పాడు. చిట్టి లేదని చెప్పాడు. చెవులప్ప అక్కడే కూలబడి ఏడ్చింది. ముచ్చమ్మా చెల్లెళ్ళూ బండ దిగి, అందరి ఎదుటా ఆ ఆట మళ్ళీ ఆడారు. కాయ చిదిమేసరికి వాగువైపు వాళ్ళే తలలు దించుకున్నారు.

జంబన్న మాత్రం తల దించలేదు. "అయ్యో, పాపం. పసిపిల్ల. నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ ఏం చేస్తాం? రంకె తిరగదన్నది నేనా? పెద్దయ్యే. అందరూ విన్నారు. ఆట అయిపోయింది, గెలుపు గెలుపే. ఎవరి మాట మీద వాళ్ళే నిలబడకపోతే ఇంక కట్టుబాటెందుకు?"

"నిజమే జంబన్నా," అన్నాడు కపిలయ్య. "ఆ రంకె తిరగదు. తిప్పినా చిట్టి రాదు. కానీ వెయ్యాల్సిన రంకె ఇంకొకటి మిగిలిపోయింది. ఆటలో ఎదుటివాళ్ళను కావాలని గాయపరిచినవాళ్ళు మడుగు ఛాయలకు రాకూడదు. ఆ రోజు గాయపడింది చుక్కమ్మ. గాయం చేసినవాళ్ళు ఇద్దరు. ఒకడివి నువ్వు. రెండోవాణ్ణి నేను."

అని రంకె వేశాడు. ముసలి ఊపిరి అంతా అందులోనే పోసినట్టు వేశాడు.

జంబన్న మొహం పాలిపోయింది. "ఇదేం అన్యాయం! నేను ఎవరినీ ముట్టుకోనైనా లేదు! మళ్ళీ చూడండి, ఇంకొక్కసారి ఆడించి చూడండి!"

"ఇప్పుడే కదరా చూశాం," అన్నాడు కోరలయ్య. జంబన్న జట్టువాడే లేచి వాడికి అడ్డంగా నిలబడ్డాడు. "దొంగ గోలుతో వచ్చిన నీళ్ళు నా గొంతు దిగవు. పొద్దుటి నీళ్ళు ఒకరోజు కొండవైపు వాళ్ళవి, ఒకరోజు మావి. నువ్వు నడు."

నక్క అందరి మొహాలూ చూశాడు. మాట విసరడానికి ఒక్క మెత్తటి చోటు దొరకలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎండిన వాగు వెంట దిగువకు పోయాడు. అటు నీళ్ళు లేవని వాడికీ తెలుసు.

కపిలయ్య రెండో దారి పట్టాడు. మళ్ళీ కొండ ఎక్కి లోతువాగుకు చేరాడు. చుక్కమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. పొద్దున్నే ఆమె నీళ్ళకు దిగే వేళకు అతను వెళ్ళి నీళ్ళకూ పొదకూ మధ్య అడ్డంగా నిలబడేవాడు. అంత పెద్ద కొమ్ముల మీదికి దూకడానికి చిరుత జంకింది. ఆమె నింపాదిగా తాగి వెళ్ళాక అతను వంగి తాగేవాడు. ఎండాకాలమంతా అలాగే గడిచింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

తొలకరి పడింది. వాగులన్నీ నిండాయి. ఓ దుప్పుల మంద తూర్పు అడవికి పోతూ లోతువాగు దాటింది. చుక్కమ్మ ఆ మందలో కలిసిపోయింది. వెనక్కి చూసిందో లేదో కపిలయ్యకు తెలియదు. అతని కళ్ళకు అప్పటికి చెట్లకూ దుప్పులకూ తేడా పోయింది. తెల్లమ్మను అడగొచ్చు. అడగలేదు.

మరుసటి ఫాల్గుణానికి మైదానంలో ఒక ముసలి గేదె తీర్పరిగా నిలబడింది. ఓ గోలు దగ్గర తగాదా వస్తే, "నాకు సరిగా కనబడలేదు, ఆగండి, చూద్దాం" అని నవ్వుతూ బండ వైపు తిరిగిందట. ఆట కాసేపు ఆగింది. చెమటలు ఆరాయి, కోరలయ్య సణిగాడు. నిజం తేలింది, మళ్ళీ ఆడుకున్నారు. ఇదంతా తెల్లమ్మ ఎగిరివచ్చి చెప్పింది.

కపిలయ్య విని, "అంతేనా? అంత సులువా?" అన్నాడు. ఆ తర్వాత ఆ రోజంతా మేత ముట్టలేదు.

కన్ను పొరబడటం నేరం కాదు, మళ్ళీ చూడమంటే చూడననడమే నేరం.